రెండో వయొలిన్

మంగళవారం సాయంత్రాలు మావి.
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బిలియర్డ్స్ గది వెనక
బంతుల చప్పుడు తాళం తప్పిస్తుంటే
నాలుగు కుర్చీలు, మూడే స్టాండ్లు.
నాలుగోది ఎల్లాజీ తెచ్చిన నూనె డబ్బా,
దాని మీద కాగితం ఎగరకుండా ఒక శంఖం.

మొదటి వయొలిన్ పేరి కామసోమయాజులు గారు.
పోర్టులో లెక్కల గుమాస్తా.
విజయనగరం వదిలొచ్చి ఇరవై ఏళ్ళయినా
వేళ్ళని గమకం వదల్లేదు.
వయోలా వాసుపల్లి ఎల్లాజీ.
వాళ్ళయ్య వల అల్లే చేతులు వీడికొచ్చాయి,
తెగిన తీగకి ముడేస్తే ఎక్కడేశాడో దొరికేది కాదు.
చెల్లో డెస్మండ్ రోజారియో, లోకోషెడ్ ఫిట్టరు.
"వాయిద్యం కాదమ్మా, మా ఇంట్లో పెద్దావిడ" అనేవాడు.
నేను అచ్చియ్యమ్మని.
కరపత్రంలో నా పేరు ఎప్పుడూ మడతలో పడేది.

డెబ్బై నాలుగు, ఆగస్టు. మొదటి కచేరీ.
పదకొండు మంది శ్రోతలు,
అందులో నలుగురు వాన వెలిసేదాకా.
వాన వెలవలేదు.
దాని పుణ్యమాని చివర్లో చప్పట్లు నిండుగా పడ్డాయి.

రేడియో వాళ్ళు పిలిచి విన్నారు.
కర్ణాటకమా అంటే కాదు, పాశ్చాత్యమా అంటే కాస్త.
ఏ ఫైల్లో పెట్టాలో తోచక
ఎరువుల ధరలకి ముందు ఆరు నిమిషాలిచ్చారు.
చోడవరం నుంచి ఒక రైతు కార్డు రాశాడు:
"ఆ లావు గొంతు ఎవరిదండీ?
మా ఎద్దు మేత మానేసి వింటంది."
డెస్మండ్ ఆ కార్డుని చెల్లో పెట్టె మూతకి
లోపలివైపు అతికించుకున్నాడు.

తీగలకి ఈ ఊరు పడదు.
ఉప్పుగాలికి బిరడాలు జారిపోతాయి,
శ్రుతి చేసుకుని తలెత్తేలోపు మళ్ళీ దించుకోవాలి.
రేవులో ఓడ కూసిందంటే
విసిగిపోయి దానికే శ్రుతి కలిపేసేవాళ్ళం.

రాయపూర్ పాసింజర్లో పెద్దావిడకి అర టికెట్టు కొన్నాం.
టీసీ వయసడిగాడు.
"నూట పది" అన్నాడు డెస్మండ్.
పూర్తి టికెట్టు డబ్బులు కట్టించుకునే వదిలాడు.

ఎనభై ఒకటిలో విడిపోయాం.
ఒక్క గాంధారం మీద.
ఎవరో జర్మనీ ఆయన నిటారుగా రాసిపెట్టిన స్వరాన్ని
సోమయాజులు గారు ఊపారు.
కొంచెమే, నిద్రలో కదిలిన బిడ్డని జోకొట్టినంత.
కమాను కింద పెట్టేశాడు డెస్మండ్.
"రాసింది వాయించండి."
"రాయనిదీ ఉంటుందయ్యా అందులో."
ఏడు నెలలు మంగళవారాలు సోమవారాల్లా గడిచాయి.

ఎల్లాజీ ఒకరింటికి వంజరం పట్టుకెళ్ళాడు,
ఒకరింటికి తేగల కట్ట.
రెండిళ్ళలోనూ ఒకటే అబద్ధం చెప్పాడు,
అవతలాయన కుమిలిపోతున్నాడని.
అబద్ధం కాదని మంగళవారం తెలిసింది.
ఆ గాంధారం దగ్గరికి రాగానే
ఆయన ఊపలేదు.
ఈయన ఊపాడు.

ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని పదవీ విరమణలు,
భోజనాల దగ్గర ఎన్ని సినిమా పాటలు!
చివరి కచేరీ ఏదో నాకు గుర్తు లేదు.
ఇదే చివరిదని ఎవరైనా చెబితే కదా.

హుద్‌హుద్‌లో డెస్మండ్ ఇంటి రేకులు లేచిపోయాయి.
కరెంటు లేని ఎనిమిదో రోజు వెళ్ళాం.
డాబా మీద తడిసిన పరుపుల మధ్య
జిగురు వీడిన పెద్దావిడ
చెక్కలు చెక్కలుగా ఎండకి పడుకుని ఉంది.
ఎల్లాజీ చెక్కలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు.
ముడేసేందుకు ఏమీ లేదు.
కార్డు మీద సిరా కరిగిపోయింది,
ఎద్దు అన్న మాట ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు మహారాణిపేటలో ఈ మేడ మీద
సాయంత్రాలు నా కాగితం నేను వాయించుకుంటాను.
ఇస్త్రీ బండి వాళ్ళ పిల్లాడు మెట్ల మీద కూర్చుంటాడు.
"మామ్మా, పాటేదీ?"
నిజమే, ఇందులో పాట ఉండదు.
పాట పక్కన నడిచిన అడుగులుంటాయి,
అక్కడక్కడా ఆగడాలు.

ఇదిగో, ఇక్కడ పదహారు మాత్రలు ఊరుకోవాలి.
వయొలిన్ ఒళ్ళో పెట్టుకుంటాను.
కింద ఎవరో స్కూటరు తంతున్నారు.
దూరంగా ఒక ఓడ.
అయిపోయిందనుకుని వాడు చప్పట్లు కొడతాడు.

ఉండరా,
ఇంకా ఆరులోనే ఉన్నాను.